నోరు కట్టుకోమనడం వైద్యం కాదు

షుగరు వచ్చిన మనిషికి మన సమాజం దగ్గర ఉన్న సలహా ఒక్కటే: నోరు కట్టుకో. పెళ్ళి పంక్తిలో జిలేబీ వడ్డించబోతే పక్క వరసలోంచి ఎవరో కేకేస్తారు, "బావగారికి షుగరు, వెయ్యకండి" అని. పరీక్ష కాగితం మీద అంకె పెరిగిందా, ఇంట్లో వాళ్ళ నోట వచ్చే మొదటి ప్రశ్న "ఏం తిన్నావ్?" రోగికి రెండు నిమిషాలు కూడా ఇవ్వలేని ఓపీలో డాక్టరుగారు తలెత్తకుండానే అంటారు, "తిండి తగ్గించమన్నానా లేదా?" అంకె తగ్గితే నిగ్రహం ఉన్న మనిషి, పెరిగితే జిహ్వ చాపల్యం ఉన్న మనిషి. థైరాయిడ్ అంకె పెరిగిందని ఎవరినీ ఎవరూ మందలించరు. షుగరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రక్త పరీక్ష నడవడిక పరీక్ష అయిపోతుంది.

నేను ఖండిస్తున్నది ఈ నమ్మకాన్నే. షుగరు అదుపంటే నోటి అదుపేననీ, అంకె పెరిగితే తప్పు రోగిదేననీ అనుకోవడం అబద్ధం, పైగా హానికరం. తిండికీ షుగరుకీ సంబంధం లేదని నేను అనడం లేదు. ఆ సంబంధం చాలా గట్టిది. దాన్నే మొత్తం జబ్బుగా, మొత్తం వైద్యంగా చూడటం వల్ల మన ఇళ్ళల్లో కాళ్ళు పోతున్నాయి, కళ్ళు పోతున్నాయి, నిద్రలో షుగరు పడిపోయి మనుషులు పోతున్నారు.

నోరు కట్టుకోవడమే మందయితే, ఆ మందు ఎంత దూరం తీసుకెళ్తుందో చరిత్రలో ఒకసారి తేలిపోయింది. ఇన్సులిన్ ఇంకా లేని రోజుల్లో, 1914 ప్రాంతం నుంచి, అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే డాక్టరు షుగరు రోగులకు ఉపవాస వైద్యం పెట్టాడు. మూత్రంలో చక్కెర పడటం ఆగేదాకా పస్తు, ఆ తర్వాత గ్రాముల లెక్కన తూచి పెట్టే కొద్దిపాటి తిండి, మళ్ళీ చక్కెర కనిపిస్తే మళ్ళీ పస్తు. ఆయన క్రూరుడేమీ కాదు, అప్పటికి ఉన్న దారి అదొక్కటే. అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కూతురు ఎలిజబెత్ ఆ పథ్యం మీదే మూడేళ్ళు ప్రాణం నిలుపుకుంది. 1922 ఆగస్టులో టొరంటోలో, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ దగ్గరికి తీసుకొచ్చేసరికి, పదిహేనేళ్ళు నిండబోతున్న ఆ అమ్మాయి బరువు 20 కిలోలు. అంతకన్నా గట్టిగా నోరు కట్టుకోవడం ఎవరి తరం? అది ఆమెను బాగుచేయలేదు, చావును కొన్నాళ్ళు వాయిదా వేసిందంతే. బతికించింది ఇన్సులిన్. సూది మొదలయ్యాక ఆమె కడుపునిండా తిన్నది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది, 1981 దాకా జీవించింది.

"అది టైప్ 1 కదా, పిల్లలకొచ్చేది. మన పెద్దవాళ్ళ షుగరు వేరు" అంటారు. నిజమే, వేరు. ఆ తేడా తెలిసినవాళ్ళు టైప్ 1 వచ్చిన పిల్లవాడి తల్లిని పట్టుకుని "చాక్లెట్లు తెగ పెట్టి ఉంటావు" అనడం కూడా మానాలి. ఆ పిల్లల ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది, చాక్లెట్‌కు అందులో పాత్ర లేదు. అలాంటి బిడ్డకు సూది మాన్పించి ఆకు పసరు పోస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక టైప్ 2 సంగతి. బ్రిటన్‌లో 1977లో మొదలై ఇరవై ఏళ్ళు సాగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, కొత్తగా షుగరు బయటపడినవాళ్ళు ఐదు వేల మందికి పైగా పాల్గొన్నారు. అందరికీ ముందుగా ఇచ్చింది తిండి సలహానే. ఆ అధ్యయనం చెప్పిన ముఖ్యమైన సంగతి మన చుట్టుపక్కల ఎవరి చెవినా పడలేదు: షుగరు బయటపడే నాటికే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల పనితనం దాదాపు సగం తగ్గిపోయి ఉంటుంది, ఆ తర్వాత కూడా ఏటేటా తగ్గుతూనే ఉంటుంది. తిండి మీదే ఆధారపడ్డవాళ్ళ అంకె కాలం గడిచేకొద్దీ పెరిగింది. మాత్రల మీద ఉన్నవాళ్ళదీ పెరిగింది. ఒకే రకం మందుతో మూడేళ్ళకు అదుపులో ఉన్నవాళ్ళు సుమారు సగం మంది, తొమ్మిదేళ్ళకు నాలుగో వంతు. అంటే మొదట్లో ఒక మాత్రతో సరిపోయిన మనిషికి పదేళ్ళ తర్వాత రెండో మందు, ఆ తర్వాత ఇన్సులిన్ అవసరం కావడం జబ్బు సహజంగా నడిచే దారి. ఆ దారిలో వెళ్తున్న మనిషిని నిలబెట్టి "ఏం తిన్నావ్?" అని నిలదీయడంలో న్యాయం లేదు.

తిండిపోతులకే షుగరు వస్తుందన్న మాట కూడా మన నేల మీద నిలవదు. పుణె కేఈఎం ఆసుపత్రిలో పనిచేసిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి ఒక చిన్న వ్యాసం రాశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరి సూచికా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని చూస్తే సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు పిల్లలది 3.5 కిలోలు. అయినా మన పిల్లల చర్మం కింద కొవ్వు మాత్రం ఆ పోలికలో అంత తగ్గలేదు. తల్లి కడుపులో ఉండగానే మొదలైన ఈ కథకు యాభయ్యో ఏట తిన్న లడ్డూను దోషిని చేస్తున్నాం. పొలం పనితో చిక్కిపోయిన రైతుకు షుగరని తేలితే ఊరంతా ఆశ్చర్యపోవడం, అతను "నేనేం తిన్నానని?" అని సిగ్గుతో మూడేళ్ళు దాచుకోవడం ఈ నమ్మకం చలవే.

మరో మాట తరచూ వింటుంటాం: "రాత్రి ఏమీ తినలేదు, పొద్దున పరగడుపున 180 ఎలా వచ్చింది?" ఇంట్లోవాళ్ళు నమ్మరు, దొంగతనంగా ఏదో తిన్నాడనుకుంటారు. తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం తన దగ్గర నిల్వ ఉన్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. దాన్ని అదుపు చేయడానికి చాలినంత ఇన్సులిన్ లేకపోతే, ముద్ద ముట్టకపోయినా అంకె పెరుగుతుంది. జ్వరం వచ్చినా, పంటి చీము పట్టినా, ఉబ్బసానికో కీళ్ళ నొప్పులకో స్టెరాయిడ్ వాడినా, నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా పెరుగుతుంది. ఇవన్నీ నోటితో నిమిత్తం లేనివి.

ఎదుటి పక్షం దగ్గర ఒక బలమైన వాదం ఉంది. బరువు తగ్గితే షుగరు మందులు లేకుండానే వెనక్కి వెళ్తుందని రుజువైంది కదా అంటారు. అవును, రుజువైంది. బ్రిటన్‌లో జరిగి 2017లో ఫలితాలు వెలువడ్డ డైరెక్ట్ అధ్యయనంలో, రోజుకు సుమారు 850 క్యాలరీల ఆహారంతో బరువు తగ్గించే కార్యక్రమంలో చేర్చినవాళ్ళలో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే అంకె షుగరు హద్దు కిందికి వచ్చింది. నేను దీన్ని సంతోషంగా ఒప్పుకుంటాను. అయితే వాళ్ళంతా జబ్బు వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు, అధిక బరువు ఉన్నవాళ్ళు. వాళ్ళకు కొలిచిన ఆహారం ప్యాకెట్లలో ఇచ్చారు, శిక్షణ పొందిన నర్సో డైటీషియనో పదే పదే కలిసి నడిపించారు. అంత అండ ఉన్నా రెండేళ్ళకు ఆ సంఖ్య 36 శాతానికి దిగింది. మన చెన్నైలో అంబాడి రామచంద్రన్ బృందం చేసిన పని ఇంకా దగ్గరి ఉదాహరణ. షుగరు గుమ్మం ముందున్న 531 మందిని మూడేళ్ళు గమనించారు. మామూలు సలహా తప్ప ప్రత్యేక సాయమేదీ అందనివాళ్ళలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి, నడక విషయంలో క్రమం తప్పని సలహా అందినవాళ్ళలో 39 శాతం మందికి వచ్చింది. ఆ తేడా చాలా విలువైనది, దానికోసం ప్రయత్నించి తీరాలి. కానీ ఆ సలహా క్రమం తప్పకుండా అందినవాళ్ళలో సైతం ప్రతి పదిమందిలో నలుగురికి జబ్బు వచ్చింది. ఆ నలుగురిని నోటి మీద అదుపు లేనివాళ్ళనే ధైర్యం ఎవరికుంది?

నోరు కట్టుకోమనేవాళ్ళకు దేన్ని కట్టుకోవాలో కూడా సరిగా తెలియదు. తీపి మానిపిస్తారు, రాత్రిపూట అన్నం మానిపించి చపాతీ పెడతారు, ఇక వైద్యం పూర్తయిందనుకుంటారు. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన చపాతీలో పిండి పదార్థం సుమారు 20 గ్రాములు. మూడు తింటే 60. వండిన అన్నం 200 గ్రాములు తింటే దాదాపు 55. చపాతీ తిన్న ధైర్యంతో నాలుగోది వేసుకునే మనిషి అన్నం తిన్నప్పటికన్నా ఎక్కువ పిండి పదార్థమే తింటున్నాడు. ఇప్పుడు చపాతీ స్థానంలోకి కొర్రలు, సామలు, అరికెలు వచ్చాయి. వాటిలో పీచు ఉంది, గింజగా వండుకుంటే మంచివే. రాగుల్ని మెత్తగా పిండి పట్టించి పల్చని జావ కాచి పెద్ద గ్లాసుడు తాగితే మాత్రం అది రక్తంలోకి వేగంగా చేరుతుంది. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన ఇండియాబ్ సర్వే ఆహార ఫలితాలు 2025లో వచ్చాయి. మన దేశంలో మనిషికి తిండి నుంచి అందే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. పాలిష్ బియ్యం తీసేసి అంతే పాళ్ళలో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండి పదార్థంలో కొంత తగ్గించి ఆ చోటు పప్పుకూ పాలకూ సంబంధించిన మాంసకృత్తులకు ఇస్తే తగ్గినట్టు కనిపించింది. చెప్పాల్సింది ఇది: విస్తట్లో అన్నం కొండ తగ్గాలి, పప్పు, కూర, ఆకుకూర, గుడ్డు, పెరుగు పెరగాలి. ఆవకాయతో నాలుగు ముద్దలు, చారుతో నాలుగు ముద్దలు, చివర పెరుగన్నం అంటూ సాగే మన భోజనంలో ప్రతి వాయికీ అన్నమే ఆధారం. మార్చవలసింది ఆ ఏర్పాటును. అది ఒక్క మనిషి నిగ్రహంతో జరిగేది కాదు, వంటింటి మొత్తం నిర్ణయం.

వంటింటి మాట వచ్చింది గనుక ఇక్కడ కొంచెం ఆగాలి. మగవాడికి షుగరు వస్తే ఇంట్లో పొయ్యి తీరే మారుతుంది. భార్య విడిగా జొన్న రొట్టె చేస్తుంది, మజ్జిగ పల్చగా కలుపుతుంది, మాత్ర పళ్ళెం పక్కన పెడుతుంది. అదే షుగరు ఆమెకు వస్తే ఆమెకు విడిగా వండేదెవరు? అందరి భోజనాలూ అయ్యాక మధ్యాహ్నం రెండింటికి, కూర అడుగంటి ఉండగా, పారేయలేక మిగిలిన అన్నం పెట్టుకు తింటుంది. పొద్దున మాత్ర వేసుకుని పదకొండు దాకా టిఫిను తినదు. రోజంతా ఇంటిపని చేస్తుంది గనుక ఆమెకు నడక అవసరం లేదని అందరి ఉద్దేశం. ఆమె అంకె పెరిగితే "నీకే శ్రద్ధ లేదు" అంటారు. శ్రద్ధ చూపడానికి కావలసిన గంట సమయాన్ని ఆ ఇంట్లో ఎవరు వదులుకున్నారు? మిగతావాళ్ళు తమ పళ్ళెం మార్చుకోకుండా ఆమె ఒక్కదాన్నే నోరు కట్టుకోమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఈ వ్యాసంలో నన్ను అన్నిటికన్నా బాధించే సంగతి ఇదే.

ఇప్పుడీ నమ్మకం చేసే హాని చూడండి. తిట్లు పడతాయని తెలిసిన మనిషి పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి సగం తిండి తింటాడు, డాక్టరుకు మంచి అంకె చూపిస్తాడు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అసలు సంగతి బయటపెడుతుంది, కానీ అది రాయించుకునేవాళ్ళు తక్కువ. ఇంట్లో గ్లూకోమీటర్ ఉన్నవాళ్ళు కూడా పెరిగి ఉంటుందేమోనన్న భయంతో దాన్ని బీరువాలో పెడతారు. స్ట్రిప్పు ఒక్కోటి పది, ఇరవై రూపాయల మధ్య పడుతుంది. అంత ఖర్చు పెట్టి తిట్లు కొనుక్కోవడం ఎవరికిష్టం? నిజానికి ఆ పరికరం రోగికి ఉన్న మంచి గురువు. ఇడ్లీ తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకుంటే, ఇంకో రోజు పెసరట్టుతో అలాగే చూసుకుంటే, తన ఒంటికి ఏది పడుతుందో ఎవరి ఉపన్యాసమూ లేకుండా తెలుస్తుంది. అంకెను తీర్పుగా చూసే ఇంట్లో ఈ నేర్చుకోవడం జరగదు.

ఇన్సులిన్ సంగతి ఇంకా ఘోరం. "మాట వినకపోతే సూది వేయాల్సి వస్తుంది" అని బెదిరించే వైద్యులున్నారు. అలా విన్నవాడికి సూది శిక్షగానే కనిపిస్తుంది, ఏళ్ళ తరబడి తప్పించుకు తిరుగుతాడు. సూది మొదలుపెడితే కిడ్నీలు పోతాయన్న పుకారు దానికి తోడు. కిడ్నీలను పాడుచేసేది అదుపులో లేని షుగరూ బీపీలే. యూకేపీడీఎస్ 1998లో చెప్పింది ఇదే: మందులతో, ఇన్సులిన్‌తో గట్టిగా అదుపు చేసినవాళ్ళలో కళ్ళు, కిడ్నీల వంటి చోట్ల సన్న రక్తనాళాలకు వచ్చే సమస్యలు 25 శాతం తగ్గాయి. భయపెట్టే బదులు ఆ సూదిని సరిగా వాడటం నేర్పితే ఎంత మేలు! సీసాలో దొరికే 40 యూనిట్ల ఇన్సులిన్‌కు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. ఇవి తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు మారిపోతుంది. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ గడ్డకట్టి మందు సరిగా ఎక్కదు, చోటు మారుస్తుండాలి. వాడుతున్న సీసాను ఎండ తగలని చల్లని చోట ఉంచాలి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి పట్టే సమయం తిట్టడానికి పట్టే సమయం కన్నా ఎక్కువేమీ కాదు.

తీపిని విషంగా చూసే ఇంట్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం 'లో షుగరు', అంటే రక్తంలో చక్కెర మరీ పడిపోవడం. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో ఇన్సులినో వాడే మనిషి శివరాత్రి ఉపవాసం ఉన్నా, భోజనం ఆలస్యమైనా అంకె 70 కిందికి జారిపోవచ్చు. వణుకు, చెమటలు, గుండెదడ, మాట తడబాటు. పక్కవాళ్ళు "షుగరు ఎక్కువైనట్టుంది" అని అదనంగా ఇంకో మాత్ర వేస్తే ప్రాణమే పోవచ్చు. అప్పుడు కావలసింది మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించడం, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడటం, ఆనక ఏదైనా తినిపించడం. వోగ్లిబోస్ మాత్ర వాడేవాళ్ళకు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో చక్కెర డబ్బా దాచేయడమే ప్రేమ అనుకునేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

నోటి మీదే చూపంతా ఉండబట్టి పాదాలను ఎవరూ చూడరు. ఏళ్ళ తరబడి షుగరున్న మనిషి పాదానికి స్పర్శ తగ్గుతుంది, ముల్లు దిగినా తెలియదు. పొలం గట్టు మీద, గుడి ప్రాకారంలో మిట్టమధ్యాహ్నపు బండల మీద ఉత్తకాళ్ళతో నడిచి బొబ్బలెక్కినా తెలియదు. ఆ బొబ్బ పుండై, పుండు చీము పట్టి, చివరికి వేలు తీయాలంటారు. స్వీటు ముట్టని నిష్ఠాపరుడికి కూడా ఇది జరుగుతుంది. రాత్రి పడుకునే ముందు పాదాల కింద, వేళ్ళ సందుల్లో చూసుకోవడం, చూపు ఆనకపోతే అద్దం పెట్టుకోవడమో మనవరాలిని చూడమనడమో, ఆనెలను బ్లేడుతో కోయకపోవడం, వేణ్ణీళ్ళ వేడిని ముందు మోచేత్తో చూడటం, మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) అడుగున్న చెప్పులు తొడగడం: ఇవేవీ ఖరీదైనవి కావు. మొక్కుకుని అలిపిరి మెట్లు ఎక్కాలనుకునేవాళ్ళు ముందు డాక్టరుకు పాదాలు చూపించాలి, స్పర్శ తగ్గి ఉంటే రాళ్ళు చల్లగా ఉన్నా ఉత్తకాళ్ళతో ఎక్కకూడదు. పది గ్రాముల నైలాన్ పోగుతో పాదాల స్పర్శ పరీక్షించడానికి డాక్టరుకు పట్టేది రెండు మూడు నిమిషాలు. ఏళ్ళుగా షుగరున్న ఎంతమంది తెలుగువాళ్ళను ఆసుపత్రిలో చెప్పులు విప్పమన్నారో అడిగి చూడండి.

కన్ను కూడా అంతే. రెటీనా దెబ్బతినేటప్పుడు నొప్పి ఉండదు, చూపు మసకబారేసరికి చాలా ఆలస్యమవుతుంది. ఏడాదికోసారి కనుపాప పెద్దది చేసి చూసే పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష తప్పకూడదు. నడక విషయంలోనూ గంటసేపు పార్కుకు వెళ్ళలేనివాళ్ళను సోమరులనడం మానాలి. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకోసారి అరగంట నడిచినప్పటి కన్నా ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడే తిన్నాక షుగరు తక్కువగా ఉంది, ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాత. పది నిమిషాలు మన వీధిలో, మిద్దె మీద, వరండాలో కూడా దొరుకుతాయి.

ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు 10.1 కోట్ల మంది, గుమ్మం దగ్గరున్నవాళ్ళు 13.6 కోట్ల మంది. ఇన్ని కోట్ల మందికి ఒక్కసారిగా నిగ్రహం లేకుండా పోయిందని నమ్మగలమా? పాలిష్ బియ్యం చవకగా, పప్పు ఖరీదుగా, కాలిబాటలు లేకుండా, పన్నెండు గంటలు కూర్చుని చేసే ఉద్యోగాలతో బతుకు నడుస్తున్నప్పుడు నింద నోటిమీద వేయడం ప్రభుత్వాలకూ, ఆసుపత్రులకూ, కుటుంబాలకూ సౌకర్యంగా ఉంది.

మీ ఇంట్లో షుగరున్న మనిషి ఉంటే ఈ రాత్రి ఏం తిన్నారని అడగకండి. పాదాలు చూపించమనండి. మంచం పక్కన గ్లూకోజ్ పొడి ఉందో లేదో చూడండి. కళ్ళ పరీక్ష జరిగి ఏడాది దాటితే ఈ వారంలోనే తీసుకెళ్ళండి, భోజనమయ్యాక పది నిమిషాలు ఆ మనిషితో కలిసి నడవండి, మీ పళ్ళెంలో కూడా అన్నం తగ్గించి కూర పెంచండి.